మూడు నిమిషాల్లో ఏం అడగాలి: కొత్తగా ఎంపీ అయిన అమ్మాయికి బాబాయి ఉత్తరం

అమ్మాయ్,

నిన్న రాత్రి నువ్వు పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. మీ పిన్ని పైకి చదివి వినిపించమంటే వినిపించాను, చాలా బాగుందంది, కళ్లు కూడా తుడుచుకుంది. నాకు మాత్రం కాళ్లు వణికాయి. జీరో అవర్‌లో అంటే, సభలో అత్యవసర విషయాలు ఎత్తే ఆ సమయంలో, నీకు దొరికేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. అందులో బంగ్లాదేశ్ చొరబాట్లు, కువైట్‌లో చిక్కుకున్న మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు, కాంబోడియా ఉద్యోగాల మోసం, అమెరికా విమానంలో సంకెళ్లు, మన టౌన్ స్టేషన్‌లో కానిస్టేబుళ్ల కొరత, రాత్రిపూట కాలేజీ పిల్లల భద్రత, అన్నీ పెట్టావు. సంతకి వెళ్లేవాడు ఇంట్లో సామానంతా ఒకే మూట కట్టినట్టుంది. మూట విప్పేలోపే మైక్ ఆగిపోతుంది, స్పీకర్ గారు పక్క సభ్యుడి పేరు పిలిచేస్తారు.

నీకు తెలుసుగా, ఢిల్లీలో ఎంపీల దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు పీఏగా చేశాను. సార్లు మారారు, పార్టీలు మారాయి, నా టైప్ మెషిన్ పోయి కంప్యూటర్ వచ్చింది, పాత పార్లమెంటు పోయి కొత్తది వచ్చింది (దాంట్లో సెంట్రల్ హాల్ లేదట, ఆ కాఫీ దగ్గర తెలిసినన్ని విషయాలు నాకు ఏ ఫైల్లోనూ తెలియలేదు, సరే అది వేరే బాధ). ఇన్నేళ్లలో మారనిది ఒక్కటే. పోలీసుల గురించి ఎవరు ఏ ప్రశ్న అడిగినా హోంశాఖ నుంచి వచ్చే జవాబులో మొదటి వాక్యం. "రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోని అంశాలు." ఆ తర్వాత ఏం రాసినా రాయకపోయినా ఆ వాక్యంతో నీ ప్రశ్న చచ్చినట్టే. ముఖం ముందే తలుపేసేస్తారు. నువ్వు ఎంత ఆవేశంగా మాట్లాడావన్నదానికి అక్కడ లెక్క లేదు. తలుపు వేయడానికి వీల్లేకుండా ప్రశ్న ఎలా కట్టాలి అన్నదే ఈ పనంతా.

2019 డిసెంబర్ గుర్తుందా? శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలి అత్యాచారం, హత్య ఘటన. నువ్వప్పుడు హైదరాబాద్‌లో చదువుతున్నావు, మీ నాన్న రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు. డిసెంబర్ 2న ఉభయసభల్లోనూ దాని మీద మాట్లాడారు. దేశమంతా మండిపోతోంది, సభ్యులు కూడా మనుషులే కదా, రాజ్యసభలో ఒక పెద్దావిడ నిందితులను జనం మధ్యకు తెచ్చి కొట్టి చంపాలనే అన్నారు. టీవీల్లో రోజంతా అదే. నాలుగు రోజులకు నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు, పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసులు కావాలనే చంపే ఉద్దేశంతో కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద విచారణ జరగాలని అందులో ఉంది. మన ఆంధ్ర అసెంబ్లీ కూడా అదే డిసెంబర్ 13న దిశ బిల్లు పాస్ చేసింది, ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజులు అని. దానికి రాష్ట్రపతి ఆమోదం రానేలేదు.

నేను అప్పటికే రిటైరై ఇంట్లో కూర్చున్నాను. టీవీ చూస్తూ నాకు అనిపించింది ఒక్కటే. ఆ రాత్రి అమ్మాయి కనపడట్లేదని ఇంటివాళ్లు పోలీసుల దగ్గరకు వెళితే, ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి వెళ్లండి అని తిప్పారు. దానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. సభలో నిలదీయాల్సిన ప్రశ్న అదీ. ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆరేళ్ల తర్వాత కూడా కట్టలేదు, ఎందుకు? ఎవరు తనిఖీ చేశారు? ఉరి గురించి అరిచిన గొంతులు బోలెడు, దీని మీద అంత గట్టిగా ఎవరూ పట్టుకోలేదు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్పీసీ బదులు అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో, 173వ సెక్షన్‌లో, అది చట్టంగానే పెట్టారు. ఇప్పుడు నీ చేతిలో చట్టం ఉంది. దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ నెట్‌వర్క్ కేంద్రానిది, నడిపేది నేర రికార్డుల జాతీయ బ్యూరో, అదే ఎన్‌సీఆర్‌బీ. కాబట్టి "ఆంధ్రప్రదేశ్‌లో నెలవారీగా ఎన్ని జీరో ఎఫ్ఐఆర్‌లు నమోదయ్యాయి, వాటిలో ఎన్ని సంబంధిత స్టేషన్‌కి బదిలీ అయ్యాయి, సగటున ఎన్ని రోజులకు" అని అడిగావనుకో, రాష్ట్ర అంశం అని తప్పించుకోవడం కష్టం. లెక్క వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంది మరి.

అర్థమైందా, కిటుకు ఇదే. కేంద్రం చెయ్యి ఎక్కడ ఉందో వెతుక్కో. ఢిల్లీ పోలీసులు నేరుగా హోంశాఖ కిందే కాబట్టి ఢిల్లీ గురించి ఎవరైనా ఏదైనా అడగొచ్చు, మనకా సౌకర్యం లేదు. కానీ అత్యవసర పిలుపుల 112 నంబర్‌కి డబ్బిచ్చేది కేంద్రం, ఆడవాళ్ల భద్రతకు పెట్టిన నిర్భయ నిధి కేంద్రానిది, పోలీసు ఆధునికీకరణ పథకం కేంద్రానిది, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కేంద్రానిది, ఐపీఎస్ అధికారుల కేటాయింపు కేంద్రానిది. "మా జిల్లాలో పోలీసులు చాలట్లేదు" అంటే తలుపు వేస్తారు. "గత మూడేళ్లలో ఆధునికీకరణ కింద మా రాష్ట్రానికి మంజూరు ఎంత, విడుదల ఎంత, ఖర్చు లెక్కలు రానందుకు ఆపినది ఎంత" అంటే కాగితం వస్తుంది. సిబ్బంది కొరత చెప్పాలంటే పోలీసు పరిశోధన బ్యూరో వేసే పుస్తకం చూడు. 2020 జనవరి 1 నాటికి దేశంలో లక్ష మందికి మంజూరైన పోలీసులు 195 మంది, నిజంగా ఉన్నది 155 మంది. కొత్త సంచిక తీసి మన రాష్ట్రం వరుస నువ్వే రాసుకో, నేను చెప్పానని పాత అంకె చదవకు.

ఇప్పుడు జీరో అవర్ మోజు గురించి. కొత్త ఎంపీలందరికీ ఉంటుంది, తప్పు లేదు, వీడియో వస్తుంది, ఊళ్లో గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ రోజు ఉదయం పది గంటల్లోపు నోటీసు ఇచ్చి, బ్యాలెట్‌లో పేరొస్తే మాట్లాడొచ్చు. కానీ మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న రూలు లేదు. చాలాసార్లు ఆ శాఖ మంత్రి సభలోనే ఉండరు. రాతపూర్వకంగా జవాబు కావాలంటే రూల్ 377 కింద ఇవ్వు, 250 పదాల్లో, శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. అన్నిటికన్నా గట్టిది ప్రశ్నోత్తరాల సమయమే. పదిహేను రోజుల ముందు నోటీసు, 150 పదాలు దాటకూడదు, వాదన ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు. రోజుకు స్టార్ ప్రశ్నలు 20, మిగతావి 230 అన్‌స్టార్డ్‌లో రాతపూర్వక జవాబుకు పోతాయి. స్టార్ ప్రశ్న తగిలితే మాత్రం లాటరీ తగిలినట్టే, మంత్రి నిలబడి చెప్పాలి, నీకు రెండు సప్లిమెంటరీలు, అంటే అనుబంధ ప్రశ్నలు, ఉంటాయి. చాలామంది ఆ సప్లిమెంటరీని ఉపన్యాసం చేసి పాడు చేసుకుంటారు. జవాబు పత్రంలో వాళ్లు ఏ భాగానికి సరిగ్గా చెప్పలేదో గీత గీసి పెట్టుకుని, దాన్నే ఒక్క వాక్యంలో మళ్లీ అడుగు, అడిగి కూర్చో. లోక్‌సభలో హోంశాఖది మంగళవారం, విదేశాంగశాఖది శుక్రవారం.

విదేశాంగం అన్నాను కాబట్టి మన ఆడవాళ్ల సంగతికి వస్తాను, ఎందుకంటే నీ ప్రసంగంలో నాకు నిజంగా నచ్చింది ఆ ముక్కే. లోపలికి వచ్చేవాళ్ల వలస గురించి అరిచినంతగా మన దగ్గర నుంచి బయటికి పోయేవాళ్ల వలస గురించి సభలో ఎవరూ అడగరు. మన దగ్గర నుంచి, కడప వైపు నుంచి ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లేవాళ్లు, ఆ పక్క జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ వెళ్లేవాళ్లు, వీళ్లందరికీ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టమే దిక్కు. ఆ చట్టం కింద లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, పైన జీఎస్టీ. మన ఊళ్లో ఎంత తీసుకుంటున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా తల్లిని అడుగు, పుస్తెలు ఏ బ్యాంకులో ఉన్నాయో కూడా చెబుతుంది. మరి లైసెన్సు లేని ఏజెంటును పోలీసులు ఎందుకు పట్టుకోరు? పట్టుకుంటారు, చీటింగ్ కేసు పెడతారు, వాడు బెయిల్ మీద వచ్చి పక్క మండలంలో బోర్డు పెడతాడు. ఎమిగ్రేషన్ చట్టం కింద కోర్టులో నడపాలంటే 27వ సెక్షన్ ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. (మోసపోయినవాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో నేరుగా ఫిర్యాదు చేస్తే అక్కర్లేదు, కానీ గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇక్కడ కోర్టుకు ఎలా వస్తుంది చెప్పు.)

అదీ నీ ప్రశ్న. గత అయిదేళ్లలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల నుంచి ఈ అనుమతి కోసం వచ్చిన దరఖాస్తులు ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, ఆరు నెలలు దాటి పెండింగ్‌లో ఉన్నవి ఎన్ని. మూడే అంకెలు. ఇందులో వలస ఉంది, పోలీసులు ఉన్నారు, జనం భద్రత ఉంది, పైగా అనుమతిచ్చేది కేంద్రమే కాబట్టి ఏడో షెడ్యూలు వాక్యం పనికిరాదు. పెండింగ్ ఎక్కువ ఉంటే ఢిల్లీ ఎందుకు ఆలస్యం చేస్తోందని అడుగు. సున్నా వస్తే ఇంకా మంచిది, మన పోలీసులు ఒక్క దరఖాస్తు కూడా ఎందుకు పంపలేదని తిరిగొచ్చి ఎస్పీ గారిని అడగొచ్చు. ఏ జవాబొచ్చినా నీకు పని దొరుకుతుంది.

కాంబోడియా సంగతీ ఇలాగే పట్టుకోవాలి. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేసినప్పుడు అందరం నోరెళ్లబెట్టాం. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి మన పిల్లల చేత మనవాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి 549 మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. తెచ్చారు, సంతోషం. తెచ్చాక వాళ్లు చెప్పిన ఏజెంట్ల పేర్ల మీద ఎన్ని కేసులయ్యాయి అన్నది వేరే ప్రశ్న, అది అడగాలి. అమెరికా విమానం కూడా అంతే. 2025 ఫిబ్రవరి 5న అమెరికా వెనక్కి పంపిన 104 మంది అమృత్‌సర్‌లో దిగారు, మర్నాడు ఎంపీలు కొందరు చేతికి సంకెళ్లు వేసుకుని పార్లమెంటు బయట నిలబడ్డారు, విదేశాంగమంత్రి జైశంకర్ గారు రాజ్యసభలో ప్రకటన చేశారు. ఫొటో బాగా వచ్చింది. పంపిన ఏజెంట్ల మాట ఆ ఫొటోలో లేదు. 2011లో కాలిఫోర్నియాలో వీసా మోసంలో మూతపడ్డ ట్రైవ్యాలీ యూనివర్సిటీ పిల్లల కాళ్లకు ట్రాకర్లు కట్టినప్పుడు కూడా అందరం ఆ పట్టీల గురించే మాట్లాడాం. ఆ పిల్లల్లో చాలామంది మన తెలుగువాళ్లు. అలాంటి చోట సీట్లు అమ్మిన కన్సల్టెన్సీలను ఎవరు అడిగారు? మళ్లీ 2019లో ఫార్మింగ్టన్ వచ్చింది, ఈసారి యూనివర్సిటీయే అమెరికా ప్రభుత్వం పెట్టిన వల, పడినవాళ్లు మళ్లీ మన పిల్లలే.

ఇక చొరబాట్ల పేరా. ఇక్కడ కొంచెం కటువుగా చెబుతాను, ఏమనుకోకు. "దేశంలో రెండు కోట్ల మంది అక్రమ బంగ్లాదేశీయులు ఉన్నారు" అని రాశావు. ఎక్కడిది ఆ అంకె? 2016లో అప్పటి హోంశాఖ సహాయమంత్రి రాజ్యసభలో సుమారుగా అంత అన్నారు, నిజమే. 2004లో అంతకుముందు ప్రభుత్వపు సహాయమంత్రి అదే రాజ్యసభలో ఒక కోటీ ఇరవై లక్షల పైచిలుకు అని చివరి అంకె దాకా చెప్పి, కొద్దిరోజులకే అది నమ్మదగ్గ లెక్క కాదు, విన్నమాటల మీద వేసిందని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత అడిగినవాళ్లకు మాత్రం, దొంగచాటుగా పత్రాల్లేకుండా వచ్చేవాళ్లకు కచ్చితమైన లెక్క ఉండదు అని హోంశాఖే రాసిచ్చింది. అస్సాంలో ఏళ్ల తరబడి పత్రాలు చూసి 2019 ఆగస్టులో పౌరుల రిజిస్టరు, అదే ఎన్ఆర్‌సీ జాబితా వేస్తే బయట మిగిలినవాళ్లు 19 లక్షల పైచిలుకు, ఆ జాబితా మీద కూడా అన్ని వైపులా గొడవే. నువ్వు లేచి రెండు కోట్లు అంటే అవతలి బెంచీ నుంచి ఎవరో ఒకరు ఈ కాగితాలన్నీ తీస్తారు, నీ మిగతా మాటలన్నీ దాంతో కొట్టుకుపోతాయి.

దీనర్థం ఆ విషయం ఎత్తొద్దని కాదు, ఎత్తు. 2025లో వలసలు, విదేశీయుల మీద కొత్త చట్టం వచ్చింది కదా, నాలుగు పాత చట్టాలు తీసేసి, సెప్టెంబర్ 1 నుంచి అమలు. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే అయిదేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. దొంగ పత్రాలైతే రెండు నుంచి ఏడేళ్లు. దాని కింద ఇప్పటిదాకా ఎన్ని కేసులు, ఎన్ని రుజువయ్యాయి, దొంగ ఆధార్లు చేసిపెట్టిన మనవాళ్లు ఎంతమంది దొరికారు, వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లు ఎంతమంది అని అడుగు. వీసా మీద వచ్చినవాళ్ల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది, అది చెప్పక తప్పదు. ఇంకో మాట, మన వైపు ఇళ్లు కట్టే పనిలో, రొయ్యల ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో బెంగాలీ మాట్లాడే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లు ముర్షిదాబాద్, మాల్దా పిల్లలు కావచ్చు, అంటే నీలాగా నాలాగా ఈ దేశపు పౌరులు. నువ్వు సభలో భాష పేరో మతం పేరో చెప్పి ఒక్క వాక్యం జారితే, ఆ క్లిప్ పట్టుకుని ఇక్కడ ఎవడో వాళ్ల అద్దె గది తలుపు తన్నుతాడు. కువైట్‌లో మన ఆడవాళ్లను ఎవరైనా అలా చూస్తే నీకు ఎంత కోపం వచ్చింది?

పేర్ల విషయం. నీ కాగితంలో ఆ కువైట్ అమ్మాయి పేరు, ఊరు, యజమాని పేరు అన్నీ ఉన్నాయి. తీసెయ్. మా సారొకరు అలాగే చదివారు, రాసిచ్చింది నేనే. సాయంత్రానికి లోకల్ చానెల్లో వచ్చింది, రాత్రికి ఏజెంటు మనుషులు ఆమె అత్తగారింటి ముందు. ఆ పిల్ల ఫోన్ యజమాని లాక్కున్నాడని పదిహేను రోజుల తర్వాత తెలిసింది. ఆఖరికి వచ్చింది, క్షేమంగానే వచ్చింది, కానీ ఆ పదిహేను రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. మనిషి వివరాలు విదేశాంగశాఖ వాళ్ల మదద్ పోర్టల్లో పెట్టించు, ఎంబసీకి నీ లెటర్‌హెడ్ మీద పాస్‌పోర్టు నంబరుతో రాయి. సభలో "నా నియోజకవర్గం నుంచి వెళ్లిన ఒక మహిళ" చాలు. అత్యాచార బాధితురాలి పేరైతే చెప్పనే కూడదు, సభ బయట చెబితే అది నేరం. అధికారుల మీద, మరే మనిషి మీదైనా పేరు పెట్టి ఆరోపణ చేయాలంటే రూల్ 353 కింద స్పీకర్‌కీ మంత్రికీ ముందే నోటీసివ్వాలి. సభలో అన్నదానికి రాజ్యాంగం 105వ అధికరణం కింద నీ మీద కేసు ఉండదు. కానీ అదే మాట బయటికొచ్చి పార్లమెంటు మకర ద్వారం దగ్గర మైకుల ముందు అంటే ఆ రక్షణ లేదు. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

నా తప్పు ఇంకొకటి కూడా చెబుతాను. ఒకసారి పేపర్ కటింగ్ చూసి ఇన్ని వేల మంది ఆడపిల్లలు కనపడకుండా పోయారని సారుకి రాసిచ్చాను. ఎన్‌సీఆర్‌బీ పుస్తకంలో కనపడకుండా పోయినవాళ్ల పక్కనే మళ్లీ దొరికినవాళ్ల వరుస ఉంటుంది, పాత ఏళ్ల నుంచి మిగిలినవాళ్ల వరుస కూడా ఉంటుంది. నేను ఒక్క వరుసే చూశాను. అధికారులు చీటీ అందించారు, మంత్రి నవ్వుతూ మిగతా రెండు వరుసలూ చదివారు. సారు నన్ను ఒక్క మాట అనలేదు, కారులో మాత్రం ఇంటిదాకా మాట్లాడలేదు.

తెలుగులోనే మాట్లాడు. ముందుగా సచివాలయానికి చెబితే అనువాదం చేసేవాళ్లు ఉంటారు. ఇంగ్లీషులో తడబడి మాట్లాడేకంటే ఊళ్లో అమ్మమ్మకు చెప్పినట్టు చెప్పు. అంకెలు మాత్రం నిదానంగా, ఒకటికి రెండుసార్లు.

ప్రశ్న వేసి వదిలేయకు. జవాబులో "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" లాంటి మాట కనపడిందా, ఎర్ర పెన్నుతో చుట్టు గీయి. అది హామీ. మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే హామీల కమిటీ అడుగుతుంది. నువ్వు కమిటీకి ఒక ఉత్తరం ముక్క రాసి గుర్తు చెయ్యి, చాలా మంది ఎంపీలకు ఆ కమిటీ ఉందని కూడా గుర్తుండదు. మా రెండో సారు ఇలాంటి హామీలకు ఒక నల్ల డైరీ పెట్టుకునేవారు, ఆయన చేసిన మంచి పనుల్లో సగం ఆ డైరీలోంచి వచ్చినవే. హోంశాఖ స్థాయీ సంఘంలో చోటు వస్తే వదులుకోకు. అక్కడ కెమెరాలు ఉండవు, హోం కార్యదర్శి నీ ఎదురుగా కూర్చుంటారు. టీవీలో కనపడని పనికి ఊళ్లో పేరు రాదని మీ నాన్న అంటాడు, అననీ.

ఇవాళ ఆదివారం. ఎమిగ్రేషన్ అనుమతుల ప్రశ్న నేనే 140 పదాల్లో రాసి వేరే కాగితంలో పంపుతున్నాను, సరిచూసుకుని మీ ఆఫీసు కుర్రాడితో రేపే నోటీసు పెట్టించు, పదిహేను రోజుల లెక్కలో ఒక్క రోజు తగ్గినా తీసుకోరు. జీరో ఎఫ్ఐఆర్‌ది నువ్వు రాసి పంపు, చూస్తాను. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు, కంటి ఆపరేషన్ ఇంకా ఒకటే అయింది.

మీ బాబాయి